మెత్తటి గొంతుల ఇల్లు

పులుసు బాగానే కుదిరింది. అన్నం వేడిగానే ఉంది. అయినా తవిటయ్య సగంలోనే కంచం ముందునుంచి లేచి, చెయ్యి కడుక్కుని, వీధి అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆయన తోసిన తోపుకి తలుపు గోడకి కొట్టుకుని మళ్లీ వెనక్కి వచ్చింది.

కొడుకు సంతోష్‌కుమార్ ఏమీ అనలేదు. ఏమీ అనకుండా ఉండడం అతను ఏళ్ల తరబడి సాధన చేసి సంపాదించుకున్న విద్య.

"ఇప్పుడేటయిందండీ?" అని భార్య షర్మిల దాదాపు పెదవులతోనే అడిగింది.

"తెలీదు," అని అతనూ పెదవులతోనే జవాబిచ్చాడు.

కూతురు లాస్య బిక్కమొహం వేసుకుని గొణిగింది. "నేనేటీ అన్లేదు నాన్నా. మజ్జిగ కావాలా తాతా అన్నాను, అంతే. గుడ్లురిమేడు."

ముగ్గురూ తలలు వంచుకుని, చెంచా చప్పుడైనా కాకుండా భోజనం ముగించారు. ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో ఇలా గడిచింది. అంతకు ముందు ఆదివారమూ ఇలాగే గడిచింది.

ఆ ఇల్లు ఒకప్పుడు చోడవరంలో ఆ వీధి మొత్తానికీ గోలైన ఇల్లు. తవిటయ్య పంచదార మిల్లులో చెరకు నలిపే యంత్రాల దగ్గర ఫిట్టరుగా పనిచేశాడు. ఉద్యోగమంతా ఆ రోలర్ల మోతలోనే గడిచింది. ఆయన వీధి మొగలో ఉండగానే మాట మొదలుపెడితే, భార్య కామాక్షమ్మ పెరట్లోంచి దానికి జవాబు చెప్పేది. కూరలో ఉప్పు తగ్గిందన్న సంగతి ఈ ఇంటివాళ్లకంటే ముందు ఎదురింటివాళ్లకి తెలిసేది. "మీ ఇంట్లో రోజూ తగువులేనా?" అని బళ్లో స్నేహితులు అడిగినప్పుడు సంతోష్ సిగ్గుతో చచ్చిపోయేవాడు. అవి తగువులు కావనీ, అదే వాళ్ల మాట తీరనీ చెప్పినా ఎవరూ నమ్మేవారు కాదు. తన ఇల్లంటూ ఏర్పడిన రోజున అందులో గొంతు పెరగనివ్వకూడదని అతను అప్పుడే నిశ్చయించుకున్నాడు.

చదువుకున్నాడు. జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పే ఉద్యోగం వచ్చింది. తెల్లవారకముందే లేచి తత్వశాస్త్రం చదువుకోవడం అలవాటైంది. కోపం అనేది ఎదుటివాడి ప్రత్యుత్తరాన్ని తిని బతుకుతుందనీ, ఆ మేత అందకపోతే దానంతట అదే చస్తుందనీ నమ్మాడు. తల్లి పోయాక, విశాఖలో అద్దె ఇల్లు ఖాళీ చేసి భార్యాబిడ్డలతో తండ్రి దగ్గరికి వచ్చేసినప్పుడు, ఆ నమ్మకాన్ని కూడా సామానుతో పాటు తెచ్చాడు. ఇంట్లో ఎవరూ అరవకూడదు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి కేకెయ్యకూడదు. చెప్పవలసిన మాటేదైనా ఉంటే దగ్గరికి వచ్చి, నెమ్మదిగా, మెత్తగా చెప్పాలి.

షర్మిల దానికి సంతోషించింది. లాస్యకు అదే అలవాటైంది. తవిటయ్యకు మాత్రం ఆ రోజుల్లోనే ముఖం మీద మబ్బు పట్టింది.

అది దుఃఖమని అందరూ అనుకున్నారు. ఆడమనిషి పోయింది, ఆ మాత్రం ఉండదా అన్నారు చుట్టాలు. సంతోష్ చెయ్యగలిగినవన్నీ చేశాడు. మాడుగుల వెళ్లి హల్వా తెచ్చాడు. "పళ్లకి అంటుకుపోతంది," అని ఆయన పొట్లం పక్కకి నెట్టాడు. రైవాడ జలాశయం చూపిద్దామని ఆటో మాట్లాడాడు. ఆయన ఆటో దిగలేదు. కొత్త ఫోను కొనిస్తే, "ఇందులో ఎవడూ సరిగ్గా మాటాడ్డు," అని దిండు కింద పడేశాడు. ఆయన టీవీ సౌండు పెంచినప్పుడల్లా సంతోష్ ఎంతో మర్యాదగా వెళ్లి, ఒక చిరునవ్వు నవ్వి, తగ్గించి వచ్చేవాడు. ఆయన ఆ రిమోటును చూస్తూ కూర్చునేవాడు. బీపీ చూసిన డాక్టరు, "ఒంట్లో ఏమీ లేదు, మనసు బాగోలేదు, మీరే కొంచెం సున్నితంగా చూసుకోవాలి," అన్నాడు.

వాళ్లు ఇంకా సున్నితమయ్యారు. గొంతులు ఇంకా తగ్గించారు. ఆయన కోపం ఇంకా పెరిగింది.

మేడ మీది గదిలో పుస్తకం ముందు కూర్చుని సంతోష్ తనను తాను చాలాసార్లు ప్రశ్నించుకున్నాడు. ఒక మనిషి ముఖం ముడుచుకుంటే ఇంకొక మనిషి రోజంతా ఎందుకు పాడవ్వాలి? ఎదుటివాడి మనసు మన చేతిలో లేదన్న మాట పుస్తకం దగ్గర సత్యంగానే కనిపించేది. మెట్లు దిగుతూ ఉండగా అది సగం సత్యమయ్యేది. అన్నాల దగ్గరికి వచ్చేసరికి శుద్ధ అబద్ధంగా తేలేది. లోలోపల అతనికి విసుగు పుడుతోంది. తండ్రి మీద విసుగు, ఆ విసుగును బయట పెట్టలేని తన మంచితనం మీద అంతకన్నా ఎక్కువ విసుగు.

ఇలా ఉండగా ఎదురింటి సత్తిబాబు తన ఇంటి మీద అంతస్తు లేపాడు. శ్లాబు వేసే రోజున పొద్దున్నే కాంక్రీటు మిక్సరు తెచ్చి సరిగ్గా వీళ్ల గేటు ముందు నిలబెట్టారు. అది తిరగడం మొదలుపెట్టగానే కిటికీ అద్దాలు వణికాయి. సంతోష్ చెవుల్లో దూది పెట్టుకున్నాడు. ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివాడు. చివరికి పుస్తకం మూసి, కింద తలుపులన్నీ బిగించి రావాలని మెట్లు దిగాడు.

సగం మెట్ల మీదే ఆగిపోయాడు.

షర్మిల వంటింటి గుమ్మంలో నిలబడి, గొంతు చించుకుని అరుస్తోంది. "మావయ్యా! టీ తాగుతారా, కాఫీ పెట్టీమంటారా?"

"కాఫీయా?" అని అరుగు మీదినుంచి తవిటయ్య అంత కన్నా గట్టిగా అరిచాడు. "కాఫీ అంటే మీ అత్త కాఫీ నాగుండాలమ్మా! నువ్వు పెట్టేవి ఏణ్ణీళ్లు!"

"అయితే ఏణ్ణీళ్లే తాగండి!"

ఆయన నవ్వాడు. సంతోష్ మెట్ల కమ్మీ పట్టుకుని ఆ నవ్వు విన్నాడు. తల్లి పోయాక ఆ నవ్వు అతను వినలేదు.

లాస్య తాత పక్కన చేరింది. ఆయన అక్కడ కూర్చునే, మిక్సరు దగ్గరున్న దాసు అనే మేస్త్రీతో చేతులతో సంభాషణ సాగిస్తున్నాడు. అరచెయ్యి బోర్లించి నిమిరితే నెమ్మదిగా పొమ్మని. వేళ్లు ముడిచి నోటి దగ్గరికి తెస్తే భోజనం. దాసు కూడా నవ్వుతూ చెయ్యి తిప్పి జవాబిస్తున్నాడు.

"ఇదెక్కడ నేర్చుకున్నావు తాతా?" అని లాస్య ఆయన ముఖంలోకి ముఖం పెట్టి అరిచింది.

"మిల్లులోనే గుంటా! ఆ మోతలో మాటలు ఎక్కడ ఇనపడతాయి? ఒకడి మొకం ఒకడు సూసుకోడం, సేతులు తిప్పుకోడం, ఇంకా కావాలంటే సెవిలో అరుసుకోడం. ముక్కు మూసుకుని సూపిత్తే సూపర్వైజరు వత్తన్నాడని!"

"ముక్కెందుకు?"

"ఆడు సెంటు పూసుకునీవోడే!"

ఆ రోజు మధ్యాహ్నం అందరూ అరుచుకుంటూ అన్నాలు తిన్నారు. తవిటయ్య రెండోసారి కూర వేయించుకున్నాడు. కోడలి వంటకు వంకలు పెట్టాడు, కోడలు ఆయన పంటికి వంకలు పెట్టింది. సంతోష్‌కు తల దిమ్మెక్కిపోయింది. ఆ సంతోషంలో తానెందుకు చేరలేకపోతున్నాడో అతనికి అర్థం కాలేదు.

సాయంత్రం మిక్సరు ఆగింది. వీధిలో ఒక్కసారిగా నిశ్శబ్దం పరుచుకుంది. వీళ్ల గొంతులు కూడా వాటంతటవే దిగిపోయాయి. లాస్య ఏదో చెప్పింది. తవిటయ్య, "ఆ?" అన్నాడు. లాస్య మళ్లీ చెప్పింది. "ఆ?" అన్నాడు. మూడోసారి అడగలేదు. తలాడించాడు. ఆ తలాడించడానికీ ఆ తర్వాత వచ్చిన కోపానికీ మధ్య, ఒక్క క్షణం, ఆయన ముఖం మీద సిగ్గు లాంటిదేదో కనబడి మాయమైంది. సంతోష్ దాన్ని చూశాడు.

ఇన్నాళ్లూ ఆయనకు వినబడటం లేదు. అంతే. అమ్మకు తెలుసు కాబోలు, అందుకే అంత గట్టిగా మాట్లాడేది. ఆయన కోప్పడుతున్నాడని వీళ్లు గొంతులు తగ్గించారు. వీళ్లు తగ్గించినకొద్దీ ఆయనకు వినబడక కోప్పడ్డాడు.

ఇంత తేలికగా తేలిపోయిన సమస్యను అతను అంత తేలికగానే చెడగొట్టాడు.

మర్నాడు పొద్దున, వంటింటి గుమ్మంలో నిలబడి షర్మిలతో ఈ సంగతంతా మెల్లగా చెప్పాడు. ఎదురుగా కుర్చీలో కూర్చున్న తవిటయ్య వాళ్ల పెదవులు కదలడం, వాళ్ల చూపులు తన మీదికి వచ్చి మళ్లడం గమనిస్తూనే ఉన్నాడు. తర్వాత సంతోష్ వచ్చి ఆయన పక్కన కూర్చుని, తన గొంతులో ఉన్న మెత్తదనమంతా పోగుచేసి అన్నాడు. "నాన్నా, అనకాపల్లిలో మంచి చెవుల డాక్టరున్నారట. ఒకసారి వెళ్లొద్దామా?"

"ఏటి?"

అతను మళ్లీ చెప్పాడు. కిటికీ తెరిచి ఉంది, ఎదుటి మేడ మీద పనివాళ్లు ఉన్నారు. ఆ మాటను గట్టిగా అనడానికి అతనికి మనసొప్పలేదు.

"ఏటంతన్నావురా, నోట్లో ఏటున్నాది?"

"చెవుల డాక్టరు."

ఈసారి వినబడింది. తవిటయ్య లేచి నిలబడ్డాడు.

"అంటే నాకు సెవుడనా? గుసగుసలన్నీ ఇందుకేనా? ముగ్గురూ కలిసి నన్నెక్కడికి తోలీద్దారనుకుంతన్నారు?"

"అది కాదు నాన్నా..."

"ఏది కాదో నాకేటి ఇనపడదు కదా! దేవరాపల్లి ఎలిపోతాను. మా సెల్లి ఇంటికాడుంటాను. అక్కడైతే మనుసులు నోరిప్పి మాటాడతారు!"

అన్నంత పనీ చేశాడు. బట్టలన్నీ పెద్ద బ్యాగులో కుక్కుకుని, ఎవరు అడ్డం వచ్చినా ఆగకుండా గేటు దాటాడు. దేవరాపల్లిలో ఉన్న చెల్లెలు చిన్నతల్లి ఆయనకంటే మొండిది. అన్న వచ్చాడంటే ఇక పంపదు. ఆయన ఒకసారి ఒక గుమ్మం దిగి వెళ్లిపోతే మళ్లీ ఆ గుమ్మం తొక్కడని చుట్టాలందరికీ తెలుసు. సొంత తమ్ముడి ఇంటికి ఆ తమ్ముడు బతికుండగా మళ్లీ వెళ్లనే లేదు.

"నిలబడిపోయారేటి?" అంది షర్మిల. కళ్లలో నీళ్లు, గొంతులో కోపం. "ఎల్లి పిలవండి."

"పిలుస్తాను."

"మీరు పిలిస్తే ఆయనకి ఇనపడాలి కదండీ!"

చోడవరం బస్‌స్టాండులో దేవరాపల్లి బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. తవిటయ్య డ్రైవరు వెనక సీటులో, కిటికీ పక్కన, బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సంతోష్ కిటికీ కిందికి వెళ్లి నిలబడ్డాడు.

"నాన్నా, దిగు."

ఆయన ముందుకే చూస్తున్నాడు. అది వినబడకపోవడమో, విననట్టు ఉండటమో తేల్చుకోవడం కష్టం.

"నాన్నా."

"నమస్తే సార్," అన్నారు పక్కనుంచి ఇద్దరు విద్యార్థులు. సంతోష్ తలాడించాడు. ఇంతమందిలో ఏమని అరవడం? ప్రేమను అరిచి చెప్పడమంటే దాన్ని చులకన చెయ్యడమేనని అతను ఎప్పుడో రాసుకున్నాడు కూడా. అంతలో డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. బస్సు మొత్తం ఊగిపోయింది. ఆ మోతలో తన మెత్తటి గొంతు తనకే వినబడలేదు. అప్పుడు మొదటిసారిగా అతనికి తెలిసింది, తన తండ్రి ఇంట్లో ఇన్నాళ్లూ ఏ మాటా అందని ఎలాంటి చోట కూర్చున్నాడో.

"నాన్నా!" అని అరిచాడు. గొంతు చీలింది. "దిగు! ఇంటికి పద!"

బస్సులో తలలన్నీ తిరిగాయి. తవిటయ్య కూడా తిరిగాడు.

"ఎందుకురా అలగ అరుత్తన్నావు? నాకేటి సెవుడా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. బస్సు కదిలింది. సంతోష్ పరుగెత్తి ఎక్కేశాడు.

"ఎక్కడికండీ?" అంది కండక్టరమ్మ.

"తెలీదు."

"తెలీని ఊరికి టికెట్టు లేదండి."

"దేవరాపల్లి కొట్టమ్మా," అన్నాడు తవిటయ్య. "ఆడి కూడు ఆడు తింతాడు గానీ ఎక్కడికెల్తన్నాడో ఆడికెప్పుడూ తెల్దు."

ఆ మాటతో ఇన్నేళ్లుగా సంతోష్ కట్టుకున్న కట్ట తెగింది. అతను ఇంజను మోతను మించి అరిచాడు. "నీతో బతకడం ఎంత కష్టమో తెలుసా నాన్నా నీకు? పొద్దున్న లేచిన కాణ్ణుంచి నీ మొకం సూసుకుని బతుకుతన్నాం! నువ్వు తింటే తిన్నట్టు, నువ్వు లేచిపోతే లేచిపోయినట్టు! ఆ గుంట మజ్జిగడగడానికి భయపడతంది!"

తన మాటలు తనకే కొత్తగా వినిపించాయి. కాలేజీలో తొడుక్కున్న భాష ఎప్పుడు జారిపోయిందో తెలియలేదు.

తవిటయ్య బ్యాగు పక్కన పెట్టి, నిండుగా అతని వైపు తిరిగాడు. "మరి ఇన్నాళ్లూ సెప్పలేదేటిరా?"

"ఎలా సెప్పడం? నువ్వు ఇంటేనా?"

"నువ్వు ఇనపడేలా సెప్తే కదా ఇనడానికి! మీ యమ్మ పోయిన కాణ్ణుంచి నా ఇంట్లో అందరూ శవం ఎదర మాటాడినట్టు మాటాడతన్నారు. నానింకా ఉన్నానురా! నానేటడిగినా ఓ నవ్వు నవ్వుతారు. ఆ నవ్వు సూత్తే నాకు ఒళ్లు మండిపోద్ది. టీవీ పెడితే తగ్గించీసి ఓ నవ్వు. తిడితే ఓ నవ్వు. తిట్టినోడికి ఎదురు తిట్టడానికి కూడా పనికిరానా నాను?"

"ఇనపడట్లేదని ఒక్క ముక్క సెప్పొచ్చు కదా!"

"నువ్వు గట్టిగా మాటాడొచ్చు కదా!"

"ఇద్దరూ కొంచెం ఆగితే టికెట్లు కొట్టుకుంటానండి," అంది కండక్టరమ్మ. "ఎవరికెక్కడికో నాకు ఇనపడట్లేదు."

వెనక సీటులోంచి ఒక ముసలామె తన తీర్పు చెప్పింది. "పెద్దాయన అన్నదే నాయం బాబూ. ఇంట్లో గుసగుసలాడితే ఎవుడికైనా మండుద్ది."

"మద్దెన మీకేటమ్మా?" అన్నాడు తవిటయ్య ఆమెతో. "ఆడు నా కొడుకు. ఆణ్ణి నాను తిట్టుకుంతాను."

సంతోష్ కూలబడ్డట్టుగా ఆయన పక్కన కూర్చున్నాడు. గొంతు మండుతోంది. తాను ఇన్నాళ్లూ శాంతి అనుకున్నది ఏమిటని ఆలోచించాడు. కోపానికి మేత వెయ్యకూడదని, మనిషికి కూడా మేత లేకుండా చేశాడు. తన మెత్తదనానికి తాను చెల్లించినదేమీ లేదు. చెల్లించినవాడు పక్కన కూర్చుని ఉన్నాడు. తప్పు తెలిసినంత మాత్రాన మనసు తేలికపడుతుందని చదివాడు గానీ, ఏమీ తేలికపడలేదు. ఇప్పటికీ ఆయన మీద కోపం వస్తూనే ఉంది. డాక్టరు దగ్గరికి రాని మొండి మనిషి మీద, ఒక్క మాట చెప్పకుండా ఇల్లంతా మబ్బు కమ్మించిన మనిషి మీద.

ఇరువైపులా చెరకు తోటలు వెనక్కి పోతున్నాయి. తవిటయ్య మాట్లాడుతూనే ఉన్నాడు. ఏ తోట ఎవరిదో, ఎవరి కొడుకు గాజువాకలో ఏ ఫ్యాక్టరీలో చేరాడో, కోడలి పులుసులో చింతపండు ఎందుకెక్కువవుతుందో, అన్నీ. సంతోష్ ప్రతిదానికీ అరిచి జవాబిచ్చాడు. కొన్నింటికి విసుక్కున్నాడు. విసుక్కున్నప్పుడల్లా ఆయనకు హుషారు పెరిగింది.

దేవరాపల్లిలో దిగాక తవిటయ్య కాసేపు నడి రోడ్డు మీద నిలబడ్డాడు. తర్వాత బ్యాగు జిప్పు తీసి, ఒక తువ్వాలు లాగి భుజం మీద వేసుకుని, బ్యాగును కొడుకు చేతిలో పెట్టాడు.

"ఇది నువ్వట్టుకెలిపో. నాను సెల్లినోసారి సూసేసి సాయంత్రం బస్సుకొచ్చెత్తాను."

"నేనూ వస్తాను."

"వద్దు. నీకు కాలేజీ ఉన్నాది."

"అనకాపల్లి డాక్టరు..."

"నోరుముయ్యి."

"నేను రోజూ ఇలా అరవలేను నాన్నా!" అని సంతోష్ నడి రోడ్డు మీద అరిచాడు. "గొంతు పోతాది!"

"పోతే నీకూ ఓ డాక్టరున్నాడేమో కనుక్కో," అని తవిటయ్య తువ్వాలు దులుపుకుని చెల్లెలి వీధిలోకి నడిచాడు. మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, అరచెయ్యి బోర్లించి నిమిరాడు.

తిరుగు బస్సులో సంతోష్ బ్యాగును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అది చాలా బరువుంది. ఫోను తీసి షర్మిలకు చేశాడు.

"సాయంత్రం వస్తాడు!"

"ఎందుకండీ అరుస్తున్నారు? ఏటయింది?" అంది ఆమె కంగారుగా.

"ఏమీ కాలేదు. వస్తాడు. నువ్వు కూడా గట్టిగా మాట్లాడు."

"సరే!" అని అరిచింది. తర్వాత ఫోను పక్కకి పెట్టి, ఇల్లు అదిరేలా లాస్యను పిలవడం అతనికి వినబడింది.

సాయంత్రం ఆయన వస్తాడు. పులుసు బాగోలేదంటాడు. చెవుల మాట ఎత్తితే మళ్లీ మండిపడతాడు. తెల్లవారుజామున పుస్తకం ముందు కూర్చున్నప్పుడు కింద టీవీ హోరెత్తుతుంది. ఇవేవీ మారవని సంతోష్‌కు తెలుసు. తెలిసి అతనికి చిరాకు కూడా వేసింది. కానీ ఈసారి ఆ కోపానికి నవ్వి ఊరుకోవడం కుదరదు. ఎదుట కూర్చుని, ముఖంలోకి చూసి, వినబడేలా పోట్లాడాలి. అతను నీళ్ల సీసా తీసి ఒక గుక్క తాగి, గొంతు సవరించుకున్నాడు.